స్నేహంతో పలచబడే విశ్వాసం ఏది?

కథోలిక ఇళ్ళలో, గుడి ఆవరణల్లో, విచారణ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట ఈమధ్య బాగా పాతుకుపోయింది. ముస్లింతో మర్యాదగా ఉండు, అతని దుకాణంలో సరుకు కొను, పండక్కి పలకరించు, అంతవరకే. అంతకు మించి దగ్గరైతే నీ విశ్వాసం పలచబడుతుంది. స్నేహం, సంవాదం అనేవి రెండవ వాటికన్ మహాసభ తర్వాత పడమటి దేశాల పండితులు తెచ్చిన కొత్త పద్ధతులు. అక్కడ గుళ్ళు ఖాళీ అయ్యాయి కాబట్టి వాళ్ళకు చెల్లుతుంది, మనకు చెల్లదు. పైగా అది ఒకవైపు నడిచే బండి: మనం చెయ్యి చాపుతాం, అవతలివాళ్ళు బాంబు పెడతారు. ఈ మాటను మొరటుగా అనేవాళ్ళున్నారు, వేదాంతం కలిపి నెమ్మదిగా అనేవాళ్ళూ ఉన్నారు. నా జవాబు ఆ రెండోవాళ్ళకు. పిల్లలు నమ్ముతున్నది వాళ్ళ మాటనే.

ఆ మాట తప్పు. చరిత్ర ప్రకారం తప్పు, శ్రీసభ బోధన ప్రకారం తప్పు, మన పునీతుల జీవితాల ప్రకారం మరీ తప్పు. ముస్లింతో స్నేహం మన భక్తికి బయట ఉండే లోకమర్యాద కాదు. అది ప్రార్థనలోంచి పుట్టి ప్రార్థనలోకే తిరిగి వచ్చే పని. కొందరు దానికోసం ప్రాణాలిచ్చారు, వాళ్ళను శ్రీసభ బలిపీఠం మీదికి ఎక్కించింది. వాళ్ళ పండుగ చేసుకుంటూ వాళ్ళు చేసిన పనిని అనుమానించడం కుదరదు.

ఇది బడ్జ్ బడ్జ్ నుంచి రాస్తున్నాను. సియాల్దా దక్షిణ విభాగంలో ఈ లైనుకు ఇదే చివరి స్టేషను. మాఝేర్‌హాట్, బ్రేస్ బ్రిడ్జ్, సంతోష్‌పూర్, ఆక్రా, నంగి దాటి లోకల్ ఇక్కడ ఆగుతుంది. హుగ్లీ ఒడ్డున జూటు మిల్లులు, చమురు ట్యాంకులు. దారిపొడవునా మెటియాబ్రుజ్ దర్జీల బట్టల మూటలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. పక్కనే గార్డెన్‌రీచ్‌లో ఆగ్నేయ రైల్వే కేంద్ర కార్యాలయం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల కనిపిస్తాయి. 2011 జనాభా లెక్కల్లో దక్షిణ 24 పరగణాల జిల్లాలో ముస్లింలు నూటికి 35 మందికి పైగా, క్రైస్తవులు నూటికి ఒకరు కూడా లేరు. ఇక్కడి కథోలికుడికి ముస్లిం పొరుగువాడు వాదనలో వచ్చే ఊహామనిషి కాదు. రైలులో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునే మనిషి, ఇంటికి అద్దె వసూలు చేసేవాడు, బిడ్డకు జ్వరమొస్తే అర్ధరాత్రి రిక్షా పిలిచేవాడు. అతని నుంచి దూరంగా ఉండమనే సలహా ఇక్కడ ఒక్క రోజు కూడా నిలవదు. నిలవని సలహాను పట్టుకున్నవాళ్ళు ఒకటే చేయగలరు: పక్కనే ఉంటూ మనసు మాత్రం మూసుకోవడం. నాకు భయం కలిగిస్తున్నది అదే.

స్నేహం కొత్తగా వచ్చిందన్న వాదన తేలిగ్గా పోయేది కనుక ముందు దాన్ని చూద్దాం. 1965 అక్టోబరు 28న మహాసభ ప్రకటించిన 'నోస్త్రా ఏతాతే' మూడవ పేరాలో శ్రీసభ ముస్లింలను గౌరవంతో చూస్తుందని ఉంది. ఆ పేరాకు ఇచ్చిన ఒకే ఒక్క పాదసూచిక 1076 నాటి ఉత్తరానిది. ఏడవ గ్రెగరీ పోపు ఇప్పటి అల్జీరియా ప్రాంతాన్ని ఏలుతున్న ముస్లిం రాజు అన్-నాసిర్‌కు రాసిన ఉత్తరం అది. పద్ధతులు వేరైనా మీరూ మేమూ ఒకే దేవుణ్ణి నమ్మి ఒప్పుకుంటున్నామని పోపు అందులో అన్నాడు. మొదటి క్రూసేడుకు పిలుపు 1095లో వచ్చింది. అంటే ఈ ఉత్తరం దానికి 19 ఏళ్ళు పెద్దది.

1219లో ఐదవ క్రూసేడు సైన్యం ఈజిప్టులో డమియెట్టాను ముట్టడించి ఉండగా అసీసీ ఫ్రాన్సిస్ యుద్ధరేఖ దాటి సుల్తాన్ అల్-కామిల్ దగ్గరికి వెళ్ళాడు. సుల్తాను చంపించలేదు, మాట విన్నాడు, క్షేమంగా వెనక్కి పంపాడు. ఫ్రాన్సిస్ తిరిగొచ్చాక 1221లో తన సోదరులకు రాసిన నియమావళి పదహారవ అధ్యాయంలో ముస్లింల మధ్య ఉండేందుకు రెండు దారులు చెప్పాడు. మొదటిది: వాదాలకు, తగాదాలకు దిగకుండా, దేవుని కోసం ప్రతి మనిషికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని ఒప్పుకోవడం. రెండవది: దేవుని చిత్తమని తోచినప్పుడు వాక్యం ప్రకటించడం. వరుస గమనించాలి. సేవకుడిలా కలిసి ఉండడం ముందు, బోధ తర్వాత. మన ఆంధ్ర, తెలంగాణ విచారణల్లో కపుచిన్ గురువులు, ఫ్రాన్సిస్కన్ మఠకన్యలు ఎందరో పనిచేస్తున్నారు. వాళ్ళ స్థాపకుడు ఎనిమిది వందల ఏళ్ళ కిందట రాసిపెట్టినదాన్ని నిన్నమొన్నటి మోజు అనడం ఎలా?

ఇక అసలు వాదన: విశ్వాసం పలచబడుతుంది. దీన్ని గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ఇది భయంలోంచి వచ్చింది. పిల్లలు తమ మతం వదిలేస్తారేమోనన్న తల్లిదండ్రుల భయాన్ని నేను చులకన చేయను. కాని భయానికి సాక్ష్యం కావాలి. గత నూటయాభై ఏళ్ళలో ముస్లింలకు అత్యంత దగ్గరగా బతికిన కథోలికులెవరో చూస్తే సాక్ష్యమంతా అవతలివైపే ఉంది.

షార్ల్ ద ఫూకో 1858లో ఫ్రాన్సులో పుట్టాడు. యువకుడిగా విశ్వాసం పోగొట్టుకున్నాడు. సైన్యంలో చేరాడు, విలాసాల్లో మునిగాడు. 1883-84లో యూదు వేషంతో మొరాకో అంతా తిరిగాడు. అక్కడ రోజుకు ఐదుసార్లు దేవుని ముందు నుదురు నేలకు తాకించే మనుషుల్ని చూసి కదిలిపోయాడు. దేవుడనేవాడు నిజంగా ఉంటే అన్న ప్రశ్న అతనిలో అక్కడ మొలిచింది. 1886 అక్టోబరులో పారిస్‌లో ఒక గురువు ముందు మోకరిల్లి పాపసంకీర్తనం చేసి దివ్యసత్ప్రసాదం తీసుకున్నాడు. ఇస్లాం ప్రార్థన అతన్ని తన శ్రీసభ నుంచి లాక్కుపోలేదు, పోగొట్టుకున్న శ్రీసభలోకి తిరిగి నడిపించింది. తర్వాత అతను సహారా ఎడారిలో తమన్‌రసెత్‌లో తువారెగ్ ప్రజల మధ్య గుడిసె కట్టుకున్నాడు. 1908 జనవరిలో జబ్బుతో లేవలేని స్థితిలో పడిపోయాడు. కరువు రోజులు. తువారెగ్ పొరుగువాళ్ళు తమకున్న కొద్ది మేకల పాలు పితికి తెచ్చి అతన్ని బతికించారు. అంతదాకా అతను ఇచ్చేవాడు, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళు. ఆ జనవరిలో అది తలకిందులైంది. స్నేహం మొదలైంది అక్కడే అంటాను నేను.

ఫూకో మచ్చలేని మనిషని చెప్పను. ఫ్రెంచి సైనికాధికారులతో అతనికి దగ్గరి సంబంధాలుండేవి. వలసపాలన మంచిదేనని నమ్మాడు. అది అతని కాలపు గుడ్డితనం, దాన్ని దాచితే నా వాదన బలపడదు. కాని అతని గుడిసె తలుపు తెరిచే ఉండేది. గంటల తరబడి దివ్యసత్ప్రసాదం ముందు కూర్చున్న మనిషే మిగిలిన గంటలు తువారెగ్ భాషకు నిఘంటువు కూర్చాడు, వాళ్ళ పాటలు సేకరించాడు. 1916 డిసెంబరు 1న దోపిడి మూక చేతిలో చనిపోయాడు. 2022 మే 15న రోములో అతన్ని పునీతుడిగా ప్రకటించారు. అదే పూజలో, అదే వేదిక మీద, కన్యాకుమారి ప్రాంతపు దేవసహాయం పిళ్ళై కూడా పునీతుడయ్యాడు. ఆ రోజు దేవసహాయం కోసం మన గుళ్ళలో గంటలు కొట్టారు. పక్కనున్న రెండో పేరు ఎవరిదో, ఏం చేసి పునీతుడయ్యాడో ప్రసంగాల్లో పెద్దగా వినపడలేదు.

ఫ్రెంచి పండితుడు లూయీ మాసిన్యోన్ కథ కూడా ఇలాగే నడిచింది. 1908లో ఇరాక్‌లో పురావస్తు పని మీద తిరుగుతూ ప్రాణాపాయంలో పడ్డాడు. బాగ్దాద్‌లో ఆలూసీ కుటుంబం, పేరున్న ముస్లిం పండితుల కుటుంబం, అతన్ని అతిథిగా కాపాడింది, అతని కోసం ప్రార్థించింది. ఆ రోజుల్లోనే అతనికి కథోలిక విశ్వాసం తిరిగొచ్చింది. జీవితాంతం ఆ రుణం మరవలేదు. 922లో బాగ్దాద్‌లో ఉరికంబమెక్కిన సూఫీ హల్లాజ్ మీద వేల పుటలు రాశాడు. 1934 ఫిబ్రవరిలో, ఫ్రాన్సిస్ సుల్తానును కలిసిన అదే డమియెట్టాలో, ఈజిప్టు కథోలికురాలు మేరీ కహీల్‌తో కలిసి ముస్లింల కోసం తమను దేవునికి అర్పించుకుంటామని మొక్కుకున్నాడు. అందులోంచి 'బదలియా' అనే ప్రార్థనా బృందం పుట్టింది. 1950లో మాసిన్యోన్ మెల్కైట్ కథోలిక గురువుగా అభిషేకం పొందాడు. ముస్లింలకు యాభై ఏళ్ళు దగ్గరగా ఉన్న మనిషి చివరికి చేరింది బలిపీఠం దగ్గరికి.

గాంధీ మీద మాసిన్యోన్‌కు అపారమైన గౌరవం. 1948 జనవరి 27న, చనిపోవడానికి మూడు రోజుల ముందు, గాంధీ మెహ్రౌలీలో ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గాకు వెళ్ళాడు. దేశవిభజన అల్లర్లలో ఆ దర్గా దెబ్బతింది. ఆ యాత్రను మాసిన్యోన్ తన జీవితాంతం తలుచుకున్నాడు. ఒక హిందువు ముస్లిం పుణ్యస్థలానికి వెళ్ళడాన్ని ఒక కథోలికుడు తన ప్రార్థనలోకి తెచ్చుకున్నాడంటే, ఆ ఇద్దరిలో ఎవరి విశ్వాసం పలచబడింది?

ఫ్రాన్సు, ఈజిప్టు మనకు దూరమంటారా, కోల్‌కతానే చూడండి. 1946 ఆగస్టు 16న ఈ నగరంలో మొదలైన నరమేధంలో నాలుగు రోజుల్లో వేలమంది హిందువులు, ముస్లింలు చచ్చారు. ఎంటాలీలో లొరెటో మఠం బడి ఉంది. బోర్డింగులో వందలమంది ఆడపిల్లలు, తిండి అయిపోయింది. ఒక మఠకన్య నియమం దాటి వీధిలోకి వెళ్ళింది, శవాలను చూసింది, సైనికుల లారీలో బియ్యం తెచ్చింది. ఆమే మదర్ తెరెసా. సరిగ్గా ఆ తర్వాతి నెల, సెప్టెంబరు 10న, డార్జిలింగ్ రైల్లో ఆమెకు మఠం విడిచి పేదల మధ్యకు వెళ్ళమన్న రెండో పిలుపు వినిపించింది. ఆ రెండు తేదీల మధ్య 25 రోజులు. ఇరవయ్యవ శతాబ్దపు కథోలిక భక్తిలో అత్యంత ప్రసిద్ధమైన ఆ ఘడియను చెప్పేటప్పుడు రైలునూ కొండలనూ చెబుతాం, వీధిలోని శవాలను వదిలేస్తాం. వదిలేస్తే ఆ పిలుపు సగమే అర్థమవుతుంది.

ఆమె సంఘానికి కేంద్రమైన భవనం, ఇప్పుడు ప్రపంచమంతా వచ్చి సమాధి ముందు మోకరిల్లే 54ఎ లోయర్ సర్క్యులర్ రోడ్డు ఇల్లు, 1953లో ఒక ముస్లిం నుంచి కొన్నది. తూర్పు పాకిస్తాన్‌కు వెళ్ళిపోతున్న ఆ పెద్దమనిషి స్థలం విలువకన్నా తక్కువకు ఆ ఇల్లు ఇచ్చేశాడు. విభజన గాయంతో ఊరు వదిలిపోతున్న మనిషి తన ఇంటిని ఎక్కువ ధరకు అమ్ముకోగలిగీ మఠకన్యలకు ఇచ్చాడు. అవతలివైపు నుంచి ఏమీ రాదనేవాళ్ళు కోల్‌కతా వచ్చినప్పుడు ఆ గడప తొక్కే లోపలికి వెళుతున్నారు.

ఆ నరమేధపు సంవత్సరంలోనే బెల్జియం జెస్విట్ విక్టర్ కూర్త్వా ఈ నగరం నుంచి 'నోట్స్ ఆన్ ఇస్లాం' అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. ముస్లింలు ఏం నమ్ముతారో క్రైస్తవులకు ద్వేషం లేకుండా చెప్పడమే దాని పని. 1954లో ఇస్లాంలో మరియమాత స్థానం మీద పుస్తకం తెచ్చాడు. ఖురాన్‌లో పేరుతో ప్రస్తావించిన స్త్రీ ఆమె ఒక్కరేనని, 19వ సూరాకు ఆమె పేరే ఉందని మన జపమాల చెప్పేవాళ్ళలో ఎందరికి తెలుసు? 1956లో ఇరాన్ సొసైటీ తెచ్చిన, ముస్లిం తత్త్వవేత్త ఇబ్న్ సీనా స్మారక సంచికకు ఆయనే సంపాదకుడు. నరికివేతల కాలంలో ఒక గురువు పత్రిక పెట్టి ఏం సాధించాడని అడగొచ్చు. ఆయన వేసిన దారిలోనే 1979లో ఆగ్రాలో ఇస్లామిక్ స్టడీస్ అసోసియేషన్ పుట్టింది. ఆ దారిలోనే ఆస్ట్రేలియా జెస్విట్ పాల్ జాక్సన్ పట్నాలో చరిత్రకారుడు సయ్యద్ హసన్ అస్కరీ దగ్గర కూర్చొని చదువుకున్నాడు. 14వ శతాబ్దపు బిహార్ సూఫీ షర్ఫుద్దీన్ మనేరీ నూరు లేఖలను పర్షియన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1980లో ఆ అనువాదాన్ని అచ్చువేసింది పాలిస్ట్ గురువుల సంస్థ, కథోలిక సంస్థ. ముస్లిం గురువు దగ్గర ముస్లిం పునీతుణ్ణి చదువుకున్న ఈ జెస్విట్ ఆఖరిదాకా జెస్విట్‌గానే బతికాడు.

ఇక్కడ నా పక్షమనుకునేవాళ్ళతో కూడా ఒక పేచీ ఉంది. మైనారిటీలు కలిసికట్టుగా ఉండాలి, లేకపోతే ఇద్దరికీ దెబ్బ, కాబట్టి ముస్లింలతో స్నేహం చేద్దాం అంటారు కొందరు. అలాంటి కలయికకు ఈ ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. 1914 సెప్టెంబరు 29న కొమగాటా మారు ఓడ ఈ బడ్జ్ బడ్జ్ రేవులో ఆగినప్పుడు అందులో ఎక్కువమంది సిక్కులు, వాళ్ళతోపాటు ముస్లింలు, హిందువులు ఉన్నారు. కెనడా వెళ్ళగొట్టిన మనుషుల మీద ఇక్కడి స్టేషను దగ్గర బ్రిటిష్ ప్రభుత్వం కాల్పులు జరిపింది, ఇరవై మంది దాకా చనిపోయారు. కలిసి దెబ్బతిన్నవాళ్ళు కలిసి నిలబడడం న్యాయమే, అవసరమే. కాని అవసరం తీరిన రోజు ఆ కలయిక చెదిరిపోతుంది. ఫూకోకు మేకపాలు తెచ్చిన తువారెగ్ పొరుగువాళ్ళకు ఏ ఓట్ల లెక్కా లేదు. ఆ పాలు పితికిన చేతినీ కూటమి లెక్కనూ ఒకే గాటన కట్టేస్తే ఎదుటివాళ్ళు మన స్నేహాన్ని రాజకీయమనడంలో తప్పేముంది?

మరో అనుమానం ముస్లింల నుంచి వస్తుంది: మీ స్నేహం మతం మార్చడానికి వేసిన ఎర. ఈ అనుమానానికి కారణం మనమే ఇచ్చాం. 1930లో లాహోర్‌లో మొదలై, 1971లో హైదరాబాదు చేరిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ కథ చూడండి. అది ప్రొటెస్టెంట్ సంఘాలది. ముస్లింలకు సువార్త చెప్పేవాళ్ళకు శిక్షణ ఇవ్వడమే దాని తొలి ఉద్దేశం. కాలక్రమంలో అది తన ఉద్దేశాన్నే మార్చుకుంది, మతాల మధ్య సంబంధాలనూ సయోధ్యనూ తన పనిగా పెట్టుకుంది. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత పాతబస్తీలో హిందూ, ముస్లిం కుటుంబాల మధ్య పనికి దిగింది. ఒక సంస్థ తన పునాదిని తానే తిరగదోడుకోవడం ఎంత కష్టమో సంస్థలు నడిపినవాళ్ళకు తెలుసు. సువార్త ప్రకటించే హక్కు నాకుంది, రాజ్యాంగం ఇచ్చింది, దాన్ని నేను వదులుకోను. కాని బాప్తిస్మం లెక్క కోసం చేసే స్నేహం స్నేహమూ కాదు, సువార్తా కాదు. ఫూకో ఎడారిలో అన్నేళ్ళుండీ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఎవర్నీ మతం మార్చలేదు. అయినా శ్రీసభ అతన్ని విఫలుడనలేదు, పునీతుడంది.

వాళ్ళ దేవుడు వేరు, మన దేవుడు వేరు అనేవాళ్ళూ ఉన్నారు. ఆ మాటకు వస్తాను. తేడాలు చిన్నవి కావు. త్రిత్వాన్ని ముస్లిం ఒప్పుకోడు. యేసును దేవుని కుమారుడనడు, సిలువ మీద చనిపోయాడనడు. ఈ మూడింటినీ పక్కన పెట్టి మనమంతా ఒకటే అనేవాడు స్నేహితుణ్ణీ గౌరవించట్లేదు, తననూ గౌరవించుకోవట్లేదు. కాని ఎవరిని ఆరాధిస్తున్నాం అన్నది ఒకటి, ఆయన గురించి ఏం ఒప్పుకుంటున్నాం అన్నది మరొకటి. 1964 నాటి 'లూమెన్ జెన్సియుం' 16వ పేరా మొదటిదాన్ని తేల్చేసింది: కరుణామయుడు, కడవరి తీర్పరి అయిన ఏక దేవుణ్ణి ముస్లింలు మనతో కలిసి ఆరాధిస్తున్నారు. మహాసభ బోధనను ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోమని సూటిగా చెప్పాలి. సనాతన కథోలికులమని చెప్పుకుంటూ మహాసభను కాదనడం చెల్లదు.

అందరికన్నా బలమైన అభ్యంతరం రక్తానిది. 2019 ఫిబ్రవరి 4న అబుదాబిలో ఫ్రాన్సిస్ పోపు, అల్-అజ్‌హర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్-తయ్యిబ్ మానవ సోదరభావ పత్రం మీద సంతకాలు చేశారు. మూడు నెలలు తిరక్కుండా ఏప్రిల్ 21న, పునరుత్థాన ఆదివారం నాడు, శ్రీలంకలో ఇస్లామిక్ తీవ్రవాదులు చర్చిల్లో బాంబులు పేల్చారు. కొలంబోలో పునీత అంతోణి గుడి, నెగొంబోలో పునీత సెబాస్టియన్ గుడి. 250 మందికి పైగా చనిపోయారు. పూజకు కొత్తబట్టలు కట్టుకుని వచ్చిన పిల్లలు చనిపోయారు. అప్పటి నుంచి ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు నెగొంబో చూపిస్తారు. చూపించాల్సిందే. ఆ పిల్లల ముందు నిలబడని ఏ స్నేహవాదమూ నాకు అక్కర్లేదు.

అయితే ఆ తర్వాత నెగొంబోలో ఏం జరిగిందో కూడా చూడాలి. మే మొదటివారంలో అక్కడ ముస్లింల ఇళ్ళ మీద, దుకాణాల మీద దాడులు మొదలయ్యాయి. కొలంబో కార్డినల్ మాల్కం రంజిత్ తన కథోలికులనే ఉద్దేశించి ఒక్క ముస్లిం మీద కూడా చెయ్యి వేయవద్దని వేడుకున్నాడు. అదే కార్డినల్ దాడి వెనుక ఎవరున్నారో తేల్చమని ప్రభుత్వాన్ని ఏళ్ళ తరబడి నిలదీశాడు. నేరస్తుణ్ణి వెతకడం, పొరుగువాణ్ణి కాపాడడం ఆయనకు ఒకే పని.

అల్జీరియాలో టిభిరీన్ మఠం పెద్ద క్రిస్టియన్ ద షెర్జే 1959లో యువ సైనికాధికారిగా ఆ దేశంలోనే ఉన్నాడు. మొహమ్మద్ అనే గ్రామ కావలి అతనికి స్నేహితుడు, పదిమంది పిల్లల తండ్రి. దాడి జరిగినప్పుడు మొహమ్మద్ అడ్డుపడి అతన్ని కాపాడాడు. మర్నాడు మొహమ్మద్ బావి దగ్గర హత్యకు గురై కనిపించాడు. ఆ మరణంలో షెర్జే క్రీస్తును చూశాడు. తన కోసం ప్రాణమిచ్చిన వాడు ముస్లిం. సన్యాసిగా ఆ దేశానికే తిరిగి వెళ్ళాడు. 1993 క్రిస్మస్ రాత్రి సాయుధులు మఠానికి వచ్చి వెళ్ళాక, వెళ్ళిపొమ్మని అందరూ చెప్పినా, మఠంలోని సన్యాసులు ఉండాలనే నిర్ణయించుకున్నారు. ముసలి వైద్యుడు బ్రదర్ లూక్ 1946 నుంచి ఆ ఊరివాళ్ళకు మందులిస్తున్నాడు. 1996 మార్చిలో ఏడుగురు అపహరణకు గురయ్యారు, మే నెలలో వాళ్ళ మరణవార్త వచ్చింది. షెర్జే ముందే రాసిపెట్టిన చివరి ఉత్తరంలో తనను చంపబోయేవాణ్ణి క్షమించాడు. తన చావును చూపించి అల్జీరియా ప్రజల మీద, ఇస్లాం మీద నేరం మోపవద్దని కోరాడు. అదే ఏడు ఆగస్టు 1న ఒరాన్ పీఠాధిపతి పియేర్ క్లావెరీ బాంబుకు బలయ్యాడు. ఆయనతోపాటు ఆయన స్నేహితుడు, కారు నడిపే ముస్లిం యువకుడు మొహమ్మద్ బూషిఖీ కూడా. ప్రమాదం తెలిసే ఆ యువకుడు ఆయనతో ఉన్నాడు. 2018 డిసెంబరు 8న ఒరాన్‌లోనే 19 మందిని ధన్యులుగా ప్రకటించారు. శ్రీసభ వాళ్ళను వేదసాక్షులంది. వాళ్ళు సాక్ష్యమిచ్చినది స్నేహానికే.

అవతలివాళ్ళు ఎప్పుడూ నిలబడరంటారా? పాకిస్తాన్‌లో ఆసియా బీబీ అనే కథోలిక కూలి మహిళకు 2010 నవంబరులో దైవదూషణ నేరం కింద ఉరిశిక్ష పడింది. పంజాబ్ గవర్నరు సల్మాన్ తాసీర్ జైలుకు వెళ్ళి ఆమెను కలిశాడు, ఆమెకు న్యాయం కావాలన్నాడు. 2011 జనవరి 4న సొంత అంగరక్షకుడే అతన్ని కాల్చి చంపాడు. రెండు నెలలకు, మార్చి 2న, కథోలిక మంత్రి షాబాజ్ భట్టీని చంపారు. చివరిదాకా ఆమె కేసు వాదించిన లాయరు సైఫుల్ మలూక్ ముస్లిం. 2018 అక్టోబరు 31న ఆమెను నిర్దోషిగా విడిచిపెట్టిన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ముగ్గురూ ముస్లింలు. మత ఛాందసం ఆమెను తొమ్మిదేళ్ళకు పైగా చెరలో పెట్టిందన్నది నిజం. ఆమె కోసం ఒక ముస్లిం చనిపోయాడన్నదీ నిజమే. ఒక నిజాన్ని వాట్సాప్‌లో పంపి రెండోదాన్ని దాచేవాళ్ళు సాక్ష్యాన్ని తారుమారు చేస్తున్నారు.

ముస్లింలకు దగ్గరైతే నష్టపోతామన్న భయం మన దేశంలో ఎటు తీసుకెళుతోందో కేరళలో చూశాం. 2020 జనవరిలో సీరో-మలబార్ సినడ్ 'లవ్ జిహాద్' అనే మాటను వాడింది. 2021 సెప్టెంబరులో పాలా పీఠాధిపతి 'నార్కోటిక్ జిహాద్' అన్నాడు. అదే నెల కురవిలంగాడ్‌లో ఒక గురువు పూజలో ముస్లింల దుకాణాలకు వెళ్ళవద్దని చెప్పాడంటూ కొందరు మఠకన్యలు లేచి బయటికి వెళ్ళిపోయారు. దివ్యబలిపూజ మధ్యలో లేచి వెళ్ళడం ఒక మఠకన్యకు ఎంత కష్టమో కథోలికులకు వేరే చెప్పనక్కర్లేదు. పూజ అంటే ఏమిటో ఆ రోజు అక్కడ బాగా తెలిసింది వాళ్ళకే. పొరుగువాడి పొట్ట కొట్టమన్న నోటి నుంచి సువార్త వినలేమన్నట్టు లేచి వెళ్ళారు. అదే ద్వేషం ఇతర రాష్ట్రాల్లో మన గుళ్ళ మీదికి, మన ఉపదేశుల మీదికి వస్తుంటే మనం గగ్గోలు పెడుతున్నాం. న్యాయంగానే పెడుతున్నాం. మరి ఆ ద్వేషాన్నే ముస్లింల మీదికి మళ్ళించి మనం తప్పించుకోవచ్చని ఎవరైనా అనుకుంటే, అది పిరికితనం, అంతకు ముందు పాపం.

ఏం చేయాలో పెద్ద ప్రణాళికలు అక్కర్లేదు. 2025లో రంజాన్ మార్చి 2న మొదలైంది, విభూది బుధవారం మార్చి 5న వచ్చింది. దాదాపు నెల రోజులు ఈ బడ్జ్ బడ్జ్ లైనులో ఇద్దరూ ఉపవాసంలో ఉన్నారు. మన సిలువమార్గాల్లో ఆ సంగతి ఎక్కడా ప్రస్తావనకు రాలేదు. 1967 నుంచి ప్రతి ఏటా రంజాన్ ముగింపుకు వాటికన్ ముస్లింలకు శుభాకాంక్షల సందేశం పంపుతోంది. అది తెలుగులోకి తెచ్చి గుడిలో చదవడానికి ఐదు నిమిషాలు చాలు. మాసిన్యోన్ నెలలో మొదటి శుక్రవారం ముస్లింలతో శాంతి కోసం ఉపవాసముండేవాడు. మొదటి శుక్రవారం మనకు కొత్త కాదు. తిరుహృదయ ఆరాధనకు మన అమ్మమ్మల కాలం నుంచి పాటిస్తున్నాం. ఆ ఆరాధనలో ప్రతి ఇంటివాళ్ళూ ఒక ముస్లిం పొరుగువాడి కోసం, మతం పేరు కాకుండా మనిషి పేరు చెప్పి ప్రార్థించాలని విచారణ గురువులను అడుగుతున్నాను. పొరుగువాడి పేరు తెలియనివాళ్ళు ఆ శుక్రవారం లోపు వెళ్ళి కనుక్కోవాలి.